మూసీ ఒడ్డున మన ఊరి పేర్లు

(దంతాలపల్లిలో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు మమ్మల్ని ఈ రోజు విద్యార్థి వేతనాల గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడమన్నారు. బీసీ–ఈ ధ్రువపత్రం ఎలా తీసుకోవాలో, దరఖాస్తుకు ఏయే కాగితాలు జతపరచాలో మేము చెప్పగా చెప్పగా మీకూ మాకూ కంఠస్థమైపోయింది. ఆ కాగితాల పని సభ ముగిశాక బల్ల దగ్గర కూర్చుని చూద్దాము. ఇప్పుడు మరొక సంగతి విన్నవించుకుంటాము. అది ఒక నడక గురించి. నడిచింది హైదరాబాదులో, మూసీ ఒడ్డున. తెలుసుకున్నది మాత్రం మన మానుకోట గురించి, మన జనగామ గురించి.

ఈ నడకకు కారణం మన వాడలోని ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి. సెప్టెంబరు 17న బడిలో ఉపన్యాసాల పోటీ జరిగింది. విలీనమని కొందరు, విమోచనమని కొందరు మాట్లాడారు. చివరకు తోటి విద్యార్థి ఒకడు ఈ పిల్ల వైపు చూసి, "మీవాళ్ళే కదా రజాకార్లు" అన్నాడట. ఆ పిల్లవాడిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాడు విన్నదే అన్నాడు. ఈ అమ్మాయి మా ఇంటికి వచ్చి, "దాదా, మనవాళ్ళు ఎవరూ మంచి పని చేయలేదా?" అని అడిగింది. మేము ఉత్సాహంగా చార్మినార్ గురించి, కుతుబ్ షాహీల గురించి, ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి చెప్పుకొచ్చాము. అంతా విని ఆ పిల్ల, "అవి రాజులవి కదా దాదా, నేను మనవాళ్ళను అడుగుతున్నాను" అన్నది.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ దస్త్రాల మధ్య గడిపిన మాకు ఆ పూట జవాబు దొరకలేదు. నగరంలో నది ఒడ్డున చారిత్రక కట్టడాలను చూపిస్తూ నడిపించే అలవాటు కొంతకాలంగా ఉన్నది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్దామని అనుకున్నాము. ఆరుగురు పిల్లలు, ముగ్గురు తల్లులు, మేమిద్దరం వృద్ధులం కలిసి మొత్తం పదకొండు మందిమి బయలుదేరాము.

అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నది మూసీ. మన పాలేరు కూడా చివరకు చేరేది కృష్ణనే. ఆ మాట చెప్పగానే పిల్లలకు ఆ నదితో కాస్త చుట్టరికం కుదిరింది. దగ్గరికి వెళ్ళాక ముక్కులు మూసుకున్నారనుకోండి. నగరం తన మురుగునంతా ఆ నదిలోకి వదిలింది. ఒకప్పటి నీటి మాట చెబితే పిల్లలు నమ్మలేదు.

నడక పురానాపూల్ నుండి మొదలుపెట్టాము. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన అది. 22 కమానులు. హైదరాబాదు నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరు పుట్టకముందే వంతెన పుట్టింది. రాకుమారుడు మహమ్మద్ కులీ తన ప్రియురాలి కోసం వరదలో గుర్రం మీద ఏరు దాటాడనీ, తండ్రి భయపడి వంతెన కట్టించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. మేము గుమాస్తా మనుషులం కనుక వెంటనే లెక్క వేశాము. 1578 నాటికి ఆ రాకుమారుడికి పన్నెండు, పదమూడేళ్ళు. కథను కథగానే ఉంచి ముందుకు నడిచాము.

వంతెనకు సమీపంలోనే మియాన్ మిష్క్ మసీదు ఉన్నది. మిష్క్ ఆఫ్రికా మూలాలు గల మనిషి. హబ్షీలని మనవాళ్ళు పిలిచిన సమూహంలోని వాడు. ఖుతుబ్ షాహీల కొలువులో పెద్ద హోదాకు ఎదిగి, పదిహేడవ శతాబ్దపు చివరి భాగంలో ఆ మసీదు కట్టించాడు. అక్కడ మమ్మల్ని నిలిపివేసింది కట్టడపు అందం కన్నా రాతి మీది రాత. మసీదు నిర్వహణకు రాబడి ఎక్కడి నుండి రావాలో తెలిపే ఫర్మానాను రాతిలో చెక్కించారు. కాగితమైతే చెదలు తింటాయి, రాయిని తినలేవు. ఆ చెక్కించిన మనిషికి కార్యాలయాల సంగతి బాగా తెలుసు అనుకున్నాము. ఈ రాతిని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

అక్కడి నుండి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి చేరుకున్నాము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. నగరంలో మరణించినవారు పదిహేను వేల వరకు ఉంటారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య తరువాత జరిపిన పరిశీలనలో, నది పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఒక చెరువు కట్ట తెగి దిగువ చెరువు మీద పడటం, అది తెగి మరొక దాని మీద పడటం. ఇది మనకు ఎవరూ వివరించనక్కరలేదు. 2024 సెప్టెంబరు 1న మన జిల్లాలో ఆకేరు ఎలా విరుచుకుపడిందో, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి ఎలా కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయో మీరంతా చూసినవారే. ఆ మాట రాగానే మాతో వచ్చిన తల్లులలో ఒకామె చెట్టు మొదలును చేత్తో తాకి చాలాసేపు నిలబడింది.

ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అనే కవి తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. తరువాతి కాలంలో రుబాయీలకు ఆయనను మించినవారు లేరనిపించుకున్నాడు. ఉర్దూ తెలిసిన ఇళ్ళలో ఆయన పేరు తెలుసు. మన పిల్లలకు తెలియదు. అప్పటి పాలకుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. బాధితుల కోసం వంటశాలలు తెరిపించాడు. పురోహితుల సలహాపై నది ఒడ్డుకు వెళ్ళి, గంగమ్మకు చీర, పసుపు, కుంకుమ సమర్పించి శాంతించమని వేడుకున్నాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు వచ్చింది ఆయన పేరు మీదుగానే. జిల్లా పేరు రోజుకు పదిసార్లు రాసే మేము ఆ మనిషి గురించి పిల్లలకు చెప్పింది ఆ చెట్టు కిందనే మొదటిసారి.

నయాపూల్ దాటి పత్తర్‌గట్టి వైపు బాద్‌షాహీ అషుర్‌ఖానాకు వెళ్ళాము. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది, చార్మినార్ ఈడుది. గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల పలకల పని చూసితీరవలసినది. గోడల కింది భాగంలోని పలకలు 1908 వరదలో పాడైపోయాయి. అక్కడ పలకలకు బదులుగా రంగులతో బొమ్మ వేసి సరిపెట్టారు. ఎంత ఎత్తు వరకు నీళ్ళు వచ్చాయో ఆ అతుకును చూసి చెప్పవచ్చు. పిల్లలు అక్కడి ఆలములను చూసి, "ఇవి మన పీర్లే కదా!" అని అరిచారు. అవును, మన పీర్లే. మన ఊళ్ళలో పీర్లను ఎత్తేది గౌడన్నలు, యాదవులు, మాదిగ సోదరులు. అలావా చుట్టూ ఆడేది ఊరంతా. మలీద కలిపి తెచ్చేది అన్ని ఇళ్ళవారు. పీర్ల పండుగ విషయంలో మనలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయని మాకు తెలుసు. ధార్మిక చర్చ చేయడానికి ఉలమాలు ఉన్నారు. మేము చెప్పేది చరిత్ర మాట. నాలుగు శతాబ్దాలుగా ఈ నేలపై అన్ని కులాలవారు ఒకే గుడారం కింద నిలబడ్డారనడానికి పీర్లకొట్టం కన్నా పాత రుజువు మన గ్రామాలలో మరొకటి కనిపించదు.

మళ్ళీ ఉత్తరపు ఒడ్డుకు వచ్చి కోఠీ చేరుకున్నాము. అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది.

కోఠీలోని ఆ పెద్ద స్తంభాల భవనం బ్రిటిష్ రెసిడెన్సీ. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కట్టినది. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు ఉన్నత కుటుంబపు ఆడపడుచు ఖైరున్నీసాల వివాహం గురించి పుస్తకాలు వచ్చాయి, సందర్శకులు అదే అడుగుతారు. 1949 నుండి అక్కడ మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడు అది విశ్వవిద్యాలయం. ద్వారం దగ్గర పేరు చూసి మా అమ్మాయి గట్టిగా చదివింది: చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. 2024లో పెట్టిన పేరు అది. "పాలకుర్తి ఐలమ్మేనా?" అని అడిగింది. ఆమే. మనకు కూతవేటు దూరంలోని పాలకుర్తిలో కౌలు భూమి సాగు చేసుకుని, విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం అండతో నిలబడిన చిట్యాల ఐలమ్మ. ఇంగ్లీషు దొర కట్టించిన భవనానికి మన పక్క ఊరి రజక స్త్రీ పేరు! పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. మాకూ గర్వంగా అనిపించింది.

అప్పుడే ఆ అమ్మాయి తల్లి మెల్లగా అన్నది: "చాచా, అదే దేశ్‌ముఖ్ చేతిలో చనిపోయిన సాయెబు ఒకరు ఉన్నారని మా నాని చెప్పేది. ఆయన పేరు ఎక్కడైనా పెట్టారా?"

ఆ సాయెబు షేక్ బందగీ. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం ఆయన ఊరు. నవాబు కాడు, జాగీర్దారు కాడు, చిన్న రైతు. భూమి తగాదాలో ఆయన సవతి సోదరుడు దేశ్‌ముఖ్ మనిషిగా ఉన్నాడు. బందగీ మాత్రం విస్నూరు గడికి తలవంచలేదు. కోర్టుకెక్కాడు. ఆ రోజుల్లో దేశ్‌ముఖ్‌కు వ్యతిరేకంగా కోర్టుకెక్కడమంటే ఏమిటో మన తాతలను అడగాలి. గడి ముందు చెప్పులు విడిచి నడిచిన కాలం అది. ఏళ్ళ తరబడి తిరిగి బందగీ కేసు గెలిచాడు. చట్టం ఒప్పుకున్నా గడి ఒప్పుకోలేదు. 1940 జూలై 27న దారి కాచి ఆయనను నరికి చంపారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగింది 1946 జూలై 4న. బందగీ అంతకు ఆరేళ్ళ ముందే పోయాడు. "మా భూమి" నాటకానికి ఆయన ఉదంతమే ప్రేరణ అని చెబుతారు. నాటకం పేరు, సినిమా పేరు అందరికీ తెలుసు. బందగీ పేరు ఎందరికి తెలుసు?

మా సంగతి చెప్పుకోవాలి. చిన్నప్పుడు తిరుమలగిరి మీదుగా జనగామ వెళ్ళే బస్సులో, కామారెడ్డిగూడెం రాగానే మా అమ్మీ కొంగు తలపైకి లాక్కుని, రెండు చేతులూ పైకెత్తి ఫాతెహా చదివేది. రోడ్డు పక్కన సమాధి కనిపించేది. ఎవరో వలీ దర్గా కాబోలు అనుకునేవాళ్ళం. అక్కడ జనం ఉర్సు జరుపుకుంటూ వచ్చారు కనుక ఆ అనుమానమూ రాలేదు. డిగ్రీ చదివేటప్పుడు సాయుధ పోరాటం మీద పుస్తకంలో బందగీ పేరు చూశాము. ఆ పుస్తకంలోని బందగీ, మా అమ్మీ ఫాతెహా చదివిన బందగీ ఒకరేనని గ్రహించడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అక్షరం ముక్క రాని మా అమ్మీకి తెలిసినది, పట్టా పుచ్చుకున్న మాకు తెలియలేదు. అడిగి ఉంటే ఆమె చెప్పి ఉండేది. అడగలేదు.

కోఠీ నుండి చాదర్‌ఘాట్ వైపు నడిచాము. ఆ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్ బస్తీలలో ఇళ్ళ గోడల మీద 2024లో ఎర్రరంగుతో వేసిన గుర్తుల సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. నదీగర్భంలో ఉన్న ఇళ్ళు కనుక తొలగిస్తామన్నారు. కొందరికి రెండు పడకగదుల ఇళ్ళు ఇచ్చి తరలించారు. నది బాగుపడాలి, అందులో రెండో మాట లేదు. చింతచెట్టు కింద నిలబడి వచ్చినవాళ్ళం, నది పక్కన ఇల్లు ప్రమాదమని మేమే ముందు ఒప్పుకుంటాము. అయితే ఆ ఇళ్ళలో ఉన్నది పళ్ళబండి తోసేవారు, ఆటో నడిపేవారు, పాచిపని చేసేవారు. పిల్లల బడి, రోజు కూలి, నమాజు చదివే మసీదు అన్నీ నాలుగు అడుగుల దూరంలో ఉంటేనే వారికి బతుకు. రాజుల వంతెనలకు వారసత్వమని పేరు పెట్టినవారు ఈ బస్తీల జ్ఞాపకాలను కూడా ఎవరైనా రాసి పెడుతున్నారా అని విచారిస్తే బాగుండును.

చాదర్‌ఘాట్ దాటితే కాచిగూడ దగ్గరే. అక్కడి లింగంపల్లి చౌరస్తా ప్రాంతంలో మేము ఆగాము. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి, "ఇమ్రోజ్" అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కార్యాలయం నుండి ఇంటికి నడిచి వెళ్తుండగా రజాకార్లు దాడి చేశారు. రాసే చేతిని నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డాడు. తెల్లవారేసరికి షోయబుల్లా ఖాన్ మరణించాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు. ఆయన చేసిన నేరం, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని ఉర్దూలో, ముస్లిం పాఠకులకు రాయడం. అంతకుముందు "తేజ్"లో రాశాడు, దాన్ని నిషేధించారు. మందుముల నరసింగరావు నడిపిన "రయ్యత్"లో రాశాడు, దాన్నీ మూయించారు. 1947 నవంబరులో సొంతంగా "ఇమ్రోజ్" పెట్టాడు. బెదిరింపులు వచ్చినా కలం దించలేదు. ఆయన మరణించిన 26 రోజులకు సంస్థానం విలీనమైంది.

ఇక మా సిగ్గు సంగతి. షోయబుల్లా ఖాన్ పేరు మాకు తెలుసు. హత్య సంగతి తెలుసు. ఆయన పుట్టినది మన మానుకోట ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలోనని మాకు ఆ రోజు వరకు తెలియదు! తండ్రి రైల్వే పోలీసులో పనిచేసేవాడట. 1920లో ఈ బిడ్డ పుట్టిన రోజుల్లోనే గాంధీజీ ప్రయాణిస్తున్న రైలు మానుకోట స్టేషనులో ఆగిందనీ, అందుకే తండ్రి కొడుకును ముద్దుగా "షోయబుల్లా గాంధీ" అని పిలిచేవాడనీ చెబుతారు. ఆ స్టేషనులో మేము ఎన్ని వందలసార్లు రైలెక్కి ఉంటామో లెక్క లేదు.

మా అమ్మాయి అంతా విని ఏమీ అనలేదు. తన సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కాచిగూడ చౌరస్తాలో నిలబడే రెండు పేర్లూ, రెండు ఊర్లూ, రెండు తేదీలూ రాసుకుంది.

ఈ రెండు పేర్లు మరుగున పడటానికి కారణం ఇతరులు మాత్రమేనా? మనసు విప్పి మాట్లాడుకుందాము. షోయబుల్లా ఖాన్ పేరు ఎత్తితే రజాకార్ల పేరు ఎత్తవలసి వస్తుంది. బందగీ పేరు ఎత్తితే ఆయన ఇంటివాడే దేశ్‌ముఖ్ పక్షాన నిలిచాడని చెప్పవలసి వస్తుంది. కనుక మన పెద్దలు మౌనంగా ఉన్నారు. ఆ మౌనానికి వేరే కారణమూ ఉన్నది. పోలీసు చర్య తరువాత ముఖ్యంగా సంస్థానపు పశ్చిమ జిల్లాలలో అమాయక ముస్లింలపై జరిగిన హత్యాకాండ గురించి పండిత్ సుందర్‌లాల్ బృందం నివేదిక ఇచ్చింది. 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు సామాన్యులకు అందుబాటులోకి రాలేదు. అంత భయం చూసిన తరం నోరు విప్పకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? వారిని మేము నిందించము. కాని వారి మౌనాన్ని మనం ఆస్తిలాగా పిల్లలకు పంచుతూ పోతున్నాము. రజాకార్లు ముస్లింలే. వారి కత్తికి బలైన షోయబుల్లా ఖాన్ ముస్లిమే. దేశ్‌ముఖ్ కత్తికి బలైన బందగీ ముస్లిమే. సుందర్‌లాల్ నివేదికలోని మృతులూ ముస్లింలే. ఒక వాక్యం చెప్పి మిగతావి దాచే హక్కు ఎదుటివారికి లేదు. మనకూ లేదు. సెప్టెంబరు 17న పోటీలో మన పిల్లలు మాట్లాడేటప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పగలగాలి.

తిరుగు ప్రయాణంలో జనగామ మీదుగా వచ్చి, కామారెడ్డిగూడెంలో వ్యాను ఆపించాము. చీకటి పడుతున్నది. పిల్లలు దిగి సమాధి దగ్గర ఫాతెహా చదివారు. అటుగా గొర్రెలు తోలుకుని వెళ్తున్న పెద్దాయన ఆగి, ఎవరు మీరు అని అడిగాడు. దంతాలపల్లి వాళ్ళమని చెప్పాము. "మంచిగ చేసిన్రు. ఈయన మా అందరోడు" అన్నాడు. తన చేతిలోని కర్రను పక్కన పెట్టి, ఒకసారి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆ రాతి దగ్గరికి వద్దాము. మియాన్ మిష్క్ తన మసీదు హక్కును రాతిపై చెక్కించాడు. మన ఊళ్ళలో పీర్లకొట్టాలకు, కబరస్తాన్‌లకు, వాగు ఒడ్డున ఉన్న చిన్న దర్గాలకు ఏ రాయి ఉన్నది? "తాతల కాలం నుండి వాడుకుంటున్నాము" అన్నదే మన పత్రం. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం తరువాత ఆ వాడుక మాటకు బలం తగ్గింది. వాడుక ద్వారా వక్ఫ్ అయినవాటిలో చట్టానికి ముందే నమోదైనవి, వివాదం లేనివి, ప్రభుత్వ భూమి అని తేలనివి మాత్రమే నిలుస్తాయి. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని సెక్షన్లను నిలిపింది గాని, నమోదు తప్పనిసరి అన్నదానిని నిలపలేదు. మన రాష్ట్రంలో వక్ఫ్ భూములు 77 వేల ఎకరాలకు పైగా ఉన్నాయని లెక్క. వాటిలో 57 వేల ఎకరాల వరకు అన్యాక్రాంతమయ్యాయని కూడా అదే లెక్క చెబుతున్నది. ఆక్రమించినవారిలో మనవాళ్ళు లేరని మేము అనలేము.

పాత కాగితాలు ఎక్కడ ఉంటాయో మాకు తెలుసు కనుక చెబుతున్నాము. 1954–55 ఖాస్రా పహాణీ చూడాలి. అంతకుముందు సేత్వార్ చూడాలి. వాటిలో చాలా భాగం ఉర్దూలో ఉంటుంది. మేము పనిచేసిన ఒక కార్యాలయంలో ఉర్దూ చదవగలిగిన చివరి ఉద్యోగి పదవీ విరమణ చేశాక, ఆ కట్టలను విప్పినవారే లేరు. ఒక వానాకాలం కప్పు కారి రెండు కట్టలు ముద్దయిపోయాయి. బయట పారేస్తుంటే చూసి, ఎండబెట్టి కొన్ని పుటలు మాత్రం కాపాడగలిగాము. పోయిన పుటల్లో ఎవరి కబరస్తాన్ ఉన్నదో, ఎవరి ఇనాం ఉన్నదో ఇక ఎవరూ చెప్పలేరు. ఉర్దూ చదవడం వచ్చిన పెద్దలు మన మండలంలో ఇప్పుడు ఎందరు మిగిలారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మదరసాలో చదివిన పిల్లలు వారానికి ఒక గంట వారి దగ్గర కూర్చుని పాత దస్తూరీ చదవడం నేర్చుకోవాలని మా కోరిక. ముద్రిత ఉర్దూ వేరు, గుమాస్తా గీతలు వేరు. అనుభవంతో చెబుతున్నాము, మా గీతలు మేమే చదవలేని రోజులున్నాయి.

ఇప్పుడు పని. ఆ బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాము. అయిదు గడులు గీశాము. ఊరి పేరు, స్థలం, చెప్పినవారి పేరు, వారికి ఎవరు చెప్పారు, చేతిలో ఏదైనా కాగితం ఉన్నదా. అంతే. పీర్లకొట్టం, మసీదు, దర్గా, కబరస్తాన్, పాత బావి, ఏదైనా సరే. హిందూ సోదరులు కూడా తమ ఇంట పీరు ఎత్తే ఆచారం ఉంటే రాయించవలసిందిగా కోరుతున్నాము. ఎందుకంటే ఆ సాక్ష్యం లేకుండా మా రిజిస్టరు సగమే అవుతుంది. అమ్మలు, నానమ్మలు, నానీలు చెప్పేవి ముందు రాయండి. బస్సులో మా అమ్మీని అడగకుండా మేము చేసిన పొరపాటు మీరు చేయకండి.

మొదటి పేజీలో మొదటి రెండు వరుసలు ఇప్పటికే నిండాయి. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి దస్తూరీ అది. కామారెడ్డిగూడెం, సుబ్రవేడు. సుబ్రవేడు వరుసలో నాలుగో గడి ఖాళీగా ఉన్నది. ఆ ఊరివారిని కలిసి నింపుతానని చెప్పింది. వచ్చే నెల మేము వెంట వెళ్తున్నాము.

ఈ ఆదివారం ఉదయం ఏడు గంటలకు పాలేరు వంతెన దగ్గర కలుద్దాము. ఏటి గట్టు వెంబడి నడుస్తాము. ఎండ ముదరక ముందే తిరిగి వస్తాము. మంచినీళ్ళ సీసా, తలకు రుమాలు తెచ్చుకోండి. ఇళ్ళలో ఉన్న ముసలివాళ్ళను, నడవగలిగితే, తప్పక తీసుకురండి. నడవలేనివారి కోసం ఆటో మాట్లాడాము.

వస్సలాం.